మహారాజశ్రీ గాలి నాణ్యత సూచీ గారికి

మహారాజశ్రీ ఏక్యూఐ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇచ్చట మేమంతా క్షేమం. ఎంత క్షేమమో రోజూ తమరే ఒక అంకె, ఒక రంగుతో సెలవిస్తున్నారు కనుక ఆ వివరాలు రాయడం లేదు. తమరి లెక్క గురించే నాలుగు మాటలు మనవి చేసుకుందామని ఈ ఉత్తరం.

గాలిలో తేలే సూక్ష్మరేణువులైన పీఎం 2.5, పీఎం 10లకూ, ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులకూ తమరు విడివిడిగా ఉపసూచీలనే మార్కులు వేస్తారు. చాలా దేశాల్లో తమరి పద్ధతి ఒకటే: అన్నిట్లోకీ పెద్ద అంకెను పైకి చదివి, తక్కినవి మడిచి జేబులో పెట్టుకోవడం. ఇంట్లో ఐదుగురు దొంగలు పడితే, వాళ్లలో పొడుగ్గా ఉన్నవాడి పేరొక్కటే ఫిర్యాదులో రాసుకున్నట్టు! ఒకరోజు పీఎం 2.5 ఉపసూచీ 160, మిగతావన్నీ 20 లోపు అనుకోండి. మర్నాడు పీఎం 2.5 మళ్లీ 160, ఓజోన్ 155, నైట్రోజన్ డయాక్సైడ్ 150. రెండు రోజులూ తమరి తీర్పు 160. రంగూ అదే, సలహా అదే.

రోజుకు సుమారు పది వేల లీటర్ల గాలి పీల్చే ఊపిరితిత్తులకు ఈ వేరు కాపురాల సంగతి తెలియదు పాపం. అన్నీ ఒకే గుక్కలో వచ్చిపడతాయి. పైగా ఒకదానికొకటి సాయం. సల్ఫర్ డయాక్సైడ్‌నే చూడండి. నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి ఒంటరిగా వస్తే చాలామటుకు ముక్కు, గొంతు తడిలోనే ఆగిపోతుంది. అదే, తడిసిన మసిరేణువుల మీద ఆమ్లంగా మారి వచ్చిందా, సన్నటి శ్వాసనాళికల దాకా చేరుతుంది. 1952 డిసెంబరులో లండన్‌ను ఐదు రోజులు కమ్మేసిన పొగమంచులో ఉన్నది ఈ జంటే. అప్పట్లో లెక్కగట్టిన అదనపు మరణాలే దాదాపు 4,000.

ఓజోన్ తరహా వేరు. నీటిలో అంతగా కరగదు గనుక ముక్కును దాటుకుని లోతుకు పోతుంది. శ్వాసనాళాల లోపలి పొరలో కణాల మధ్య బిగింపును సడలిస్తుంది. ఆ సందుల్లోంచి పుప్పొడి, ధూళిలోని అలర్జీ కారకాలు లోపలి రోగనిరోధక కణాల వరకు సులువుగా వెళ్లిపోతాయి. తేలికపాటి ఆస్తమా ఉన్నవారితో 1994లో ప్రచురించిన ఒక ప్రయోగంలో నైట్రోజన్ డయాక్సైడ్‌నూ సల్ఫర్ డయాక్సైడ్‌నూ విడివిడిగా పీల్పిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ కలిపి ఆరు గంటలు పీల్పించాక, మునుపటికంటే తక్కువ అలర్జీ కారకానికే శ్వాసనాళాలు ముడుచుకున్నాయి.

కొన్ని జంటలైతే కూడికతోనూ ఆగవు. ఉత్తర అమెరికా ఇన్సులేషన్ కార్మికులపై 1979లో వెలువడిన లెక్క తమరికి వినోదంగా ఉంటుంది. రెండూ లేనివారితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు వాళ్లు పనిలో పీల్చే ఆస్‌బెస్టాస్ నార ఒక్కదానితో సుమారు 5 రెట్లు, సిగరెట్ ఒక్కదానితో 11 రెట్లు, రెండూ ఉన్నవారిలో 53 రెట్లు. తమరి పద్ధతిలో జవాబు 11. ప్రతి జంటా ఇంతగా గుణించుకోదు, నిజమే. చాలాచోట్ల ప్రభావం మామూలు కూడికే. తమరిది ఆ కూడిక కూడా కాదు కదా! కెనడాలో తమరి దాయాది ఒకాయన ఓజోన్, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్ మూడింటి ముప్పునూ కలిపే అంకె చెబుతున్నాడు. వీలైతే ఓసారి కబురు పెట్టండి.

తమరు పేర్లు దాచడం వల్ల జనం తప్పుడు ఆయుధాలు పట్టుకుంటున్నారు. ముఖానికి సరిగ్గా అతుక్కున్న ఎన్95 మాస్కు రేణువులను 95 శాతం దాకా ఆపుతుంది, వాయువులను ఆపదు. గాలి శుద్ధి యంత్రాల్లోని హెపా ఫిల్టరూ అంతే. వాయువులకు వాటిని పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ అనే బొగ్గు పొర కావాలి, అదీ తగినంత మందంగా. అది నిండిపోయాక ఫ్యాన్ మాత్రం ఎప్పటిలాగే తిరుగుతుంది, గాలి శుభ్రపడుతోందన్న భ్రమా మిగులుతుంది. గాలికి విద్యుదావేశం ఇచ్చి శుభ్రపరిచే కొన్ని అయోనైజర్ యంత్రాలు స్వయంగా ఓజోన్‌ను తయారుచేస్తాయి. అది నిమ్మ, నారింజ వాసనల క్లీనర్లలోని లిమొనీన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్, సరికొత్త సూక్ష్మరేణువులు పుడతాయి. డబ్బులిచ్చి మరీ!

వ్యాయామం చేసేవారికి వేళ కూడా ముఖ్యం. ట్రాఫిక్ రద్దీలో నైట్రోజన్ డయాక్సైడ్, మసి ఎక్కువ. ఓజోన్ ఎండకు పుట్టి మధ్యాహ్నం దాటాక ముదురుతుంది. పరుగెత్తేవారు నిమిషానికి ఎన్నో రెట్లు గాలి పీలుస్తారు, నోటితో కూడా. ముక్కు పట్టి ఆపాల్సిన సల్ఫర్ డయాక్సైడ్‌కు అప్పుడు రాజమార్గమే.

కావున విన్నపమేమనగా, ఆ పెద్ద అంకె పక్కనే మిగతా ఉపసూచీలను కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయించగలరు. రెండు మూడు ఒకేసారి హద్దు దాటిన రోజున ఆ ముక్క విడిగా చెప్పగలరు. రంగులు చాలకపోతే అవి తరువాత చూసుకుందాం.

ఇట్లు,
తమరి రంగు చూసి కిటికీ తెరిచేవాళ్లు