అరవై కిలోల గ్రిప్పర్‌లో అరవై కిలోలు ఎక్కడున్నాయి?

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం దగ్గర ఎప్పుడైనా తెల్లవారుజామున ఐదున్నరకి నిలబడి చూడండి. ఆర్మీ ర్యాలీకో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కో తయారవుతున్న కుర్రాళ్లలో ఇద్దరు ముగ్గురి చేతిలో ప్లాస్టిక్ హ్యాండ్ గ్రిప్పర్ కనబడుతుంది. రౌండుకీ రౌండుకీ మధ్య రొప్పుతూ దాన్ని టకటకా నొక్కుతూ ఉంటారు. పక్కన తిప్పడానికి ఒక మర, దాని మీద 5 నుంచి 60 కిలోల వరకు అంకెలు. మొన్న వాళ్లలో ఒకడు వచ్చి, "సార్, నేను అరవై దాటీసాను, ఇంక నంబర్ వన్ కొనీవచ్చు కదా?" అని అడిగాడు.

నంబర్ వన్ అంటే ఐరన్‌మైండ్ అనే అమెరికా కంపెనీ వాళ్ల కెప్టెన్స్ ఆఫ్ క్రష్ అనే గ్రిప్పర్ల వరసలో నంబర్ 1. కంపెనీ లెక్కలో 140 పౌన్లు, అంటే అరవై మూడున్నర కిలోలు. కాగితం మీద చూస్తే వాడికి మిగిలింది మూడున్నర కిలోలే. నా సంచిలో ఒకటుంటే తీసి ఇచ్చాను. పిడులు సగం దూరం వచ్చి ఆగిపోయాయి, వాడు పళ్లు బిగించాడు, భుజం ఎత్తాడు, చివరికి రెండో చెయ్యి కూడా సాయం పట్టాడు. "ఇది తుప్పు పట్టీసినట్టుంది సార్" అని తిరిగి ఇచ్చేశాడు.

తుప్పూ లేదు, ఏమీ లేదు. వాడి అరవైకీ నా అరవై మూడున్నరకీ చుట్టరికమే లేదు. ఈ రెండే కాదు, గ్రిప్పర్ల మీద అచ్చు వేసిన ఏ అంకెకీ ఇంకో కంపెనీ అంకెతో చుట్టరికం లేదు. ఒక్కోసారి ఒకే కంపెనీ, ఒకే నంబరు ఉన్న రెండు గ్రిప్పర్ల మధ్య కూడా ఉండదు. ఏది కష్టం ఏది తేలిక అని గంటలు గంటలు వాదించుకునే వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే: ఆ అంకెను చెరిపేసి, పిడి చివర బరువు వేలాడదీసి చూడండి. అది చెయ్యనంత వరకు మీరు పోల్చుతున్నది స్టిక్కర్లని.

కెప్టెన్స్ ఆఫ్ క్రష్ వరస తెలియనివాళ్లకి క్లుప్తంగా చెప్పేస్తాను. నంబర్ 1 అంటే 140 పౌన్లు, నంబర్ 2 అంటే 195, రెండున్నర అంటే 237.5, నంబర్ 3 అంటే 280, నంబర్ 4 అంటే 365. ఈ గ్రిప్పర్లు 1990లో వచ్చాయి. మరుసటి ఏడాదే రిచర్డ్ సోరిన్ అనే అమెరికన్ నంబర్ 3 మూశాడు, అంటే రెండు పిడులూ తాకేదాకా ఒంటి చేత్తో నొక్కాడు, నంబర్ 4 మూయడానికి మాత్రం 1998లో జో కిన్నీ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పటి నుంచి మూడో నంబరు మూశాడంటే ప్రపంచంలో ఎక్కడైనా సలాం కొట్టాల్సిందే. అందులో నాకేమీ అభ్యంతరం లేదు. కానీ 280 పౌన్లంటే 127 కిలోలు కదా, ఒంటి చేత్తో 127 కిలోలు పిండేస్తున్నాడా ఆ మనిషి? ఆసుపత్రిలో చేతి పట్టు కొలిచే డైనమోమీటర్ ఇస్తే మామూలు మగవాళ్లు నలభై, యాభై కిలోల దగ్గర తేలతారు.

ఇక్కడే ఉంది అసలు కథ. గ్రిప్పర్ ఒక తులాదండం లాంటిది. స్ప్రింగు పైన ఉంటుంది, మీ వేళ్లు పిడి పొడుగునా పరుచుకుని ఉంటాయి. స్ప్రింగుకి దగ్గరగా నొక్కితే చాలా బలం కావాలి, పిడి చివర నొక్కితే తక్కువ సరిపోతుంది. దూరం సగమైతే బలం రెట్టింపు, ఏతం తొక్కినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి ఒకే గ్రిప్పర్‌కి కొలిచే చోటు మార్చుకుంటూ పోతే మీకు నచ్చిన అంకె వేసుకోవచ్చు. ఎక్కడ కొలిచారో చెప్పకుండా "ఇన్ని పౌన్లు" అంటే దానికి అర్థం లేదు. (తమాషా ఏమిటంటే పిడి చివర, పని అన్నిటికంటే తేలికైన చోట, ఉండేది చిటికెన వేలు. అదేమో వేళ్లన్నిటిలో బలహీనం. దేవుడు కూడా గ్రిప్పర్లను దృష్టిలో పెట్టుకుని చెయ్యి చెయ్యలేదు.)

గ్రిప్పర్ పిచ్చోళ్లు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు. ఆర్‌జీసీ అంటారు, పూర్తి పేరు రెడ్‌నెక్ గ్రిప్పర్ కాలిబ్రేషన్, పేరు విని నవ్వకండి. ఒక పిడిని బెంచ్ వైస్‌లో అడ్డంగా బిగిస్తారు, రెండో పిడి చివర పట్టీ తగిలిస్తారు, పట్టీకి బరువులు వేస్తూ పోతారు, రెండు పిడులూ తాకగానే ఆపేసి ఎంత బరువు పడిందో చూస్తారు. అంతే. అలా తూస్తే నంబర్ 2 సుమారు వంద పౌన్లకు అటూ ఇటూ తేలుతుంది, నంబర్ 3 నూట యాభైకి అటూ ఇటూ. అచ్చులో ఉన్నదాంట్లో సగం చిల్లర!

ఇదంతా చదివి ఊరుకోలేక నేనూ చేశాను. విజయనగరంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో వైస్ ఉంది, దానికి పిడి జారకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను. స్కూల్ బ్యాగ్ పట్టీ తెంపి రెండో పిడి చివర కట్టాను, దానికి ఒక ఇనప కొక్కెం, కొక్కేనికి జిమ్ ప్లేట్లు. నా దగ్గర రెండు నంబర్ 2లు ఉన్నాయి, ఒకటి పాతది, ఒకటి నిరుడు కొన్నది. పాతదానికి 45 కిలోలు పడేసరికి పిడులు టిక్కుమని తాకాయి. కొత్తదానికీ 45 వేశాను, మధ్యలో ఇంకా చిటికెన వేలి గోరంత వెలుతురు. అర కిలో ప్లేట్లు ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే 49.5 దగ్గర మూసుకుంది. మీద నంబరు ఒకటే, లోపల నాలుగున్నర కిలోల తేడా. నేను ఆర్నెల్లుగా "నాకు పట్టు తగ్గిపోతోందా, షుగరేమైనా వచ్చిందా" అని టెన్షన్ పడుతున్నది ఈ నాలుగున్నర కిలోల గురించే. ఆ ఊపులో ప్లాస్టిక్ దాన్ని కూడా మర ఆఖరి దాకా బిగించి ఎక్కించాను. 60 కిలోలు అని రాసి ఉంది. 22 కిలోలకే పడుకుంది.

మరి ఒకే మిషను మీద చేసినవాటికి ఇంత తేడా ఎందుకు? తీగ మందం వల్ల. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం వాదనలు ఆగిపోతాయి. చుట్ట స్ప్రింగు బిర్రు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే మందం ఒక శాతం పెరిగితే బిర్రు ఒక శాతం కాదు, నాలుగు శాతం పెరుగుతుంది. రెండు శాతం పెరిగితే ఎనిమిది దాటుతుంది. తీగ మందంలో రెండు శాతం తేడా కంటికి కనబడదు, చేతికి తెలియదు, కానీ ఆఖరి రెండు మిల్లీమీటర్ల దగ్గర పిడికిలికి తెలిసిపోతుంది. దీనికి తోడు చుట్ట ఎంత వెడల్పు, ఎన్ని చుట్లు, పిడులు స్ప్రింగు కాళ్ల మీద ఎంత లోతుకి దిగాయి, విప్పి ఉన్నప్పుడు పిడుల మధ్య ఎడం ఎంత. ఎడం ఎక్కువైతే స్ప్రింగు తిరగాల్సిన దూరం ఎక్కువ, మూసే చోట బరువూ ఎక్కువే. పైగా వాడగా వాడగా కొత్త స్ప్రింగు కాస్త మెత్తబడుతుంది. ఇన్ని ఉండగా "నాది నంబర్ 2, నీది నంబర్ 2, ఇద్దరం సమానం" అంటే ఎలా?

ఇంకోటి, మూసే పద్ధతి. కొంతమంది రెండో చేత్తో పిడుల్ని ముందే సమానాంతరంగా తెచ్చి అరచేతిలో అమర్చుకుని అక్కడి నుంచి పిండుతారు. కొంతమంది బల్ల మీంచి ఒంటి చేత్తో తీసి అలాగే మూస్తారు. పోటీల్లో కొన్నిచోట్ల పిడుల మధ్య 20 మిల్లీమీటర్ల దిమ్మ పట్టాక మూయమంటారు, ఐరన్‌మైండ్ సర్టిఫికెట్ కోసం మూసే ముందు క్రెడిట్ కార్డు పొట్టివైపు పిడుల మధ్య దూర్చి చూపించమనేవారు. చిన్న చేతులవాళ్లకి బల్ల మీంచి తీసి మూయడం నరకం. అదే గ్రిప్పరు, అదే మనిషి, పద్ధతి మారగానే తేలిక అయినది అసాధ్యం అయిపోతుంది. వీడియో పెట్టి "మూసేశాను" అన్నవాణ్ని మొదట అడగాల్సింది ఎక్కడి నుంచి మూశావని.

అవతలి వాళ్ల మాట కూడా చెప్పాలి కదా. కంపెనీ అంకెలు వరసలో ఏది ముందు ఏది వెనక అని చూపించడానికే, వాటిని తూకంగా తీసుకోవద్దని కొందరంటారు. రోజూ నొక్కేవాడికి నిన్నటికంటే నేడు మెరుగైతే చాలు, బెంచ్ వైసులూ కొక్కేలూ ఎందుకని ఇంకొందరు. ఒకే గ్రిప్పర్‌తో జీవితమంతా గడిపేవాడికి ఇది నిజమే. రెండోది కొన్న క్షణం నుంచి నిజం కాదు. నంబర్ 1 నుంచి 2 కి అచ్చు ప్రకారం 55 పౌన్లు, 2 నుంచి 3 కి 85. మొదటిది ఏడాదిలో దాటాను, రెండోది దానికి ఒకటిన్నర రెట్లే కదా అని లెక్కలేసుకున్నవాళ్లు ఏళ్ల తరబడి రెండో నంబరు దగ్గరే మోచేతి నొప్పులతో ఉండిపోతారు. ముందుకి ఎంత దూరం ఉందో తెలియనివాడు ఎక్కువ తొక్కేసి కండరం పాడుచేసుకుంటాడు.

అంకె వెనక నమ్మదగ్గ తూకం ఉండాలన్న ఈ మాట మన జిల్లాల వాళ్లం ఇంకొకళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన పని లేదు. ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో ఎత్తింది స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. పైన ఉన్న ఇద్దరూ ఎత్తింది 242.5. బంగారానికీ కంచుకీ మధ్య రెండున్నర కిలోలు! ఆ రెండున్నర కిలోల గురించి ఇరవై ఐదేళ్లుగా బాధపడుతున్నాం గానీ, ఆ ప్లేటు తూకం సరిగ్గా ఉందా అని ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే పోటీల్లో వాడే పెద్ద ప్లేట్లకి తేడా పైకి వెయ్యిలో ఒక వంతు, కిందికి అందులో సగం మించకూడదు. పాతిక కిలోల ప్లేటులో పాతిక గ్రాములు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఒక పిల్ల వంద కిలోలు ఎత్తితే అది గ్లాస్గోలోనూ వందే, మత్స సంతోషి 2014లో కామన్వెల్త్ పతకం తెచ్చుకోగలిగింది ఆ నమ్మకం మీదే. నా రెండు గ్రిప్పర్ల మధ్య తేడా మల్లీశ్వరి పోగొట్టుకున్న బంగారం కంటే ఎక్కువ. (కోడి రామ్మూర్తి నాయుడు తెంపిన గొలుసుల గురించి మా తాత తరం కథలు కథలుగా చెప్పేది. ఆ గొలుసు మందం ఎంతో చెప్పినవాణ్ని మాత్రం నేనింకా చూడలేదు.)

అసలు నాకు ఈ గ్రిప్పర్ల మీద ఇంత కోపం రావడానికి కారణం గ్రిప్పర్లు కాదేమో. ఎలా కొలిచారో చెప్పని అంకెకి తల ఒగ్గడం మనకి అలవాటైపోయింది. నిరుడు మా చిన్నాన్న ధాన్యం అమ్ముకోవడానికి వెళ్తే నేనూ వెళ్లాను. ధాన్యానికి తేమ 17 శాతం దాటకూడదు. ఊళ్లో కొనుగోలు కేంద్రం దగ్గర మిషన్ 16.8 చూపించింది. లారీ మిల్లుకి వెళ్లాక అక్కడి మిషన్ 18.6 అంది. మధ్యలో వాన లేదు, మంచు లేదు, పద్నాలుగు కిలోమీటర్ల తారురోడ్డు. "తరుగు కింద బస్తాకి రెండు కిలోలు ఎక్కువ ఇవ్వండి, లేదంటే ఎత్తుకుపోండి" అన్నారు. ఎనభై బస్తాలు, నూట అరవై కిలోలు, నలభై కిలోల లెక్కన నాలుగు బస్తాలు గాలికి. మీ మిషన్ ఎప్పుడు సరిచూశారు, ఒకే గుప్పెడు గింజలు రెండు మిషన్లలోనూ వేసి చూద్దామా అని నేనంటే, చిన్నాన్న నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "ఊరుకోరా బాబూ, వచ్చే ఏడు మళ్లీ ఇక్కడికే రావాల."

ఆ మిల్లు గుమస్తాకీ "60 కిలోలు" అని అచ్చేసిన ప్లాస్టిక్ కంపెనీకీ నాకు పెద్ద తేడా కనబడదు. పాతకాలంలో ఊరికో కుంచం ఉండేదంటారు, అందరికీ ఒకే కాటా రావాలనే కదా తూనికలు కొలతల శాఖ అని ఒకటి పెట్టుకుని, రాళ్లకి ముద్ర వేయించుకుంటున్నాం. కూరగాయలమ్మే ముసలమ్మ దగ్గర రెండొందల గ్రాముల రాయికి ముద్ర అడిగే దేశంలో తేమ మిషన్‌ని అడగడానికి నోరు రాదు. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ర్యాంకుని ఎవరి ర్యాంకు, ఏ కేటగిరీ అని అడగం. అడిగినవాడు గొడవ మనిషి. అంకె పెద్దగా ఉంటే చాలు, కింద ఎంత చిన్న అక్షరాలున్నా, అసలు లేకపోయినా.

స్టేడియం కుర్రాణ్ని పోయిన ఆదివారం షెడ్డుకి పిలిచాను. వాడి ప్లాస్టిక్ గ్రిప్పర్ వాడే ఎక్కించాడు, ప్లేట్లు వాడే వేశాడు. 22 దగ్గర మూసుకుంటే నమ్మలేక దించి మళ్లీ వేశాడు, ఈసారి 21.5. కాసేపు మాట్లాడలేదు. తరవాత నా నంబర్ 1 ఎక్కించాడు, 35 పడింది. "అయితే ఇంకా పదమూడుందా సార్" అన్నాడు, ఏడుపు మొహం పెట్టలేదు, లెక్క దొరికినవాడి మొహం. సంకురాత్రికి మూసేస్తానన్నాడు.

రెండు నంబర్ 2లకీ తెల్ల ప్లాస్టరు చుట్టి స్కెచ్ పెన్నుతో 45, 49.5 అని రాశాను. 45ది పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మూసుకుంటోంది. రెండోదాని పిడుల మధ్య ఇంకా పోస్టుకార్డు దూరేంత సందుంది.