లిఫ్ట్ ఎక్కితే అంటుతుందట, గిన్నెలు తోమితే అంటదట!

ఇవాళ పొద్దున మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో కొత్త బోర్డు వెలిసింది. కొత్తదంటే నిజంగా కొత్తది కాదు. 2020లో అంటించిన కాగితం మసకబారి, మూలలు లేచి, రేపో మాపో రాలిపోయేలా ఉంటే దాన్నే మళ్లీ టైపు కొట్టించి, లామినేషన్ చేయించి, నాలుగు మూలలా స్క్రూలు బిగించారు. "కోవిడ్ నిబంధనల మేరకు పనివారు, డెలివరీ బాయ్స్ లిఫ్ట్ వాడరాదు. మెట్లు మాత్రమే వాడవలెను." కింద "ఇట్లు, కమిటీ". ఈసారి టేపు కూడా కాదండోయ్, స్క్రూలు. జబ్బు పోతే పోయింది గానీ బోర్డు మాత్రం పోకూడదన్నమాట.

కోవిడ్ ఎమర్జెన్సీ ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. మాస్కులు ఎవరింట్లో ఏ అటక మీద ఉన్నాయో ఎవరికీ గుర్తులేదు. మొన్న వినాయక చవితికి సెల్లార్‌లో భుజాలు రాసుకుంటూ పులిహోర తిన్నవాళ్లే ఇవాళ కోవిడ్ నిబంధనలంటున్నారు. ఏ నిబంధనండీ? ఏ తేదీది? ఏ శాఖ ఇచ్చింది? జీవో నెంబరు ఎంత?

అసలు సంగతి మాట్లాడుకుందాం. ఆ వైరస్ ప్రధానంగా గాలిలో వ్యాపిస్తుంది. మాట్లాడినా, దగ్గినా, గట్టిగా ఊపిరి వదిలినా వచ్చే సన్నటి తుంపరలు తలుపులు మూసిన గదిలో తేలుతూ ఉంటాయి. ఎంతసేపు ఉన్నాం, ఎంత గాలి ఆడుతోంది, ఎంతమంది ఉన్నాం, ఈ మూడే లెక్క. లిఫ్ట్‌లో ఉండేది అరనిమిషం. అదే మనిషి ఆ తర్వాత మీ వంటింట్లో ముప్పావుగంట ఉంటుంది. ఏసీ కోసం కిటికీలు బిగించుకున్న మీ హాల్లో మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డ పెడుతుంది. మీ పాపకు జడ వేస్తుంది. అంటే ఈ వైరస్‌కి బాగా చదువొచ్చు. లిఫ్ట్‌లో బోర్డు చదివి అక్కడ మాత్రం అంటుకుంటుంది, వంటింట్లో అంట్లు కడిగేవరకూ మర్యాదగా గుమ్మం బయట నిలబడుతుంది.

కరెంటు ఖర్చు అంటారా? అదీ చూద్దాం. మనలాంటి అయిదంతస్తుల బిల్డింగు లిఫ్ట్‌కి అయిదు హార్స్‌పవర్ మోటారు అనుకోండి, అంటే 3.7 కిలోవాట్లు. అరనిమిషం తిరిగితే 0.03 యూనిట్. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా ముప్పై పైసలు. మెట్ల లెక్క కూడా వినండి. అంతస్తుకి ఇరవై మెట్లు, అయిదో అంతస్తుకి నూరు. రెండు పూటలా వస్తే రెండొందల మెట్లు ఎక్కడం, రెండొందలు దిగడం, మధ్యలో ఇంకో ఇంటికి వెళ్తే అది అదనం. మోకాళ్లు అరిగిన యాభయ్యేళ్ల ఆడమనిషి చేత ముప్పై పైసల కోసం చేయిస్తున్న వ్యాయామం ఇది. పొద్దున్నే పార్కులో పదివేల అడుగులు నడిచొచ్చి, గేటు దాటి, మొదటి అంతస్తుకి లిఫ్ట్ ఎక్కేవాళ్లే ఈ బోర్డు రాశారు.

ఇక ఆ మాట గురించి. "సామాజిక దూరం". 2020 మార్చిలో టీవీ పెడితే చాలు అదే మాట. ఆ నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మార్చుకుని "భౌతిక దూరం" అంది. మనుషులు ఒకరికొకరు ఎడంగా నిలబడాలే గానీ సంబంధాలు తెంచుకోనక్కర్లేదని. మనవాళ్లు మాత్రం మొదటి మాటనే పట్టుకున్నారు. ఎందుకు పట్టుకోరు? ఈ దేశంలో సామాజిక దూరం ఎవరికి కొత్త? బావి దగ్గర, గుడి దగ్గర, టీకొట్టు దగ్గర, శ్మశానంలో కూడా దూరం కొలిచి పెట్టుకున్న ఊళ్లివి. పాతదానికి డాక్టరు చీటీ దొరికింది, అంతే.

అమ్మవారు పోసిన రోజుల్లో కూడా గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంటికి వెళ్లకూడదని దూరం నుంచే తెలిసేది. కానీ లోపల ఉన్న మనిషి నేరస్తుడు కాదు, అమ్మవారు వచ్చిన ఇల్లు అది. మనం 2020లో ఏం కట్టాం? వీధికి అడ్డంగా సరుగుడు కర్రలు. తలుపుకి స్టిక్కరు. ఆ స్టిక్కరు ఫొటో తీసి ఊరంతా ఫార్వర్డ్. అధికారుల ఆదేశం ఉన్న ప్రత్యేక సందర్భంలో తప్ప కోవిడ్ రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించకూడదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 9న చెప్పాల్సి వచ్చింది. ఆ పోస్టర్ వల్ల లోపలివాళ్లను అంటరానివాళ్లుగా చూస్తున్నారని కోర్టే అంది. ఆ పదం నేను వాడింది కాదు, గమనించగలరు.

స్ప్రేల పిచ్చి ఒకటి. సోడియం హైపోక్లోరైట్ నేలకీ, మరుగుదొడ్డికీ కొట్టే మందు. ముప్పై శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే లీటరు నీళ్లకి 33 గ్రాములు కలిపితే ఒక శాతం ద్రావణం. కలిపింది ఆ రోజే వాడేయాలి, నిలవుంటే పస తగ్గిపోతుంది. టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. దాన్ని మనుషుల మీద కొడితే కళ్లు, చర్మం మండుతాయి తప్ప లోపలి వైరస్ చావదు. ఉత్తరప్రదేశ్ బరేలీలో వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి ఈ మందే కొట్టారు. మనుషుల మీద కొట్టొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా చెప్పింది. విమానంలో దిగినవాళ్ల మీద ఎవరైనా కొట్టారా? పాస్‌పోర్టు మీద వచ్చిన జబ్బుకి పలుగూ పారా పట్టినవాడికి స్నానం!

2020 మార్చి 22 సాయంత్రం అయిదు గంటలకు బాల్కనీల్లో పళ్లాలు మోగించాం, గుర్తుందా? రెండు రోజులు తిరక్కుండానే, ఇళ్లు ఖాళీ చేయమంటున్నారు మహాప్రభో అని ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు హోంమంత్రికి ఉత్తరం రాశారు. పళ్లెం మీద దెబ్బ ఆరకముందే గడియ పడింది. చివరికి ఏప్రిల్ 22న 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, ఆరోగ్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే మూడు నెలల నుంచి అయిదేళ్ల జైలు అన్నారు. తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా. చప్పట్లు కొట్టిన జనం నుంచి కాపాడటానికి చట్టం!

అన్నిటికన్నా మంటెక్కించేది శవాల సంగతి. మార్చి 15నే, అంటే లాక్‌డౌన్ కూడా పెట్టకముందే, కేంద్రం శవాల విషయంలో ఏం చేయాలో స్పష్టంగా రాసి ఇచ్చింది. లీకు కాని సంచిలో పెట్టాలి, సంచి పైభాగం ఒక శాతం హైపోక్లోరైట్‌తో తుడవాలి. సిబ్బంది జిప్పు తీసి ముఖం చూపించవచ్చు. ముట్టుకోనక్కర్లేని మంత్రాలు, నీళ్లు చిలకరించడం అన్నీ చేసుకోవచ్చు. బూడిద వల్ల ఏ ప్రమాదమూ లేదు, అస్థికలు తీసుకోవచ్చు. ఇంత తేటగా ఉంది. మనం చేసిందేమిటి? నెల్లూరు డాక్టరు ఒకాయన చెన్నైలో పోతే అక్కడి శ్మశానంలో స్థానికులు అడ్డం తిరిగారు. 2020 జూన్‌లో పలాసలో డెబ్బై దాటిన పెద్దాయన శవాన్ని జేసీబీ తొట్టెలో వేసి తీసుకెళ్లారు. దానికి ఇద్దరు అధికారులు సస్పెండయ్యారు. జేసీబీ ఎందుకొచ్చింది? మోయడానికి నాలుగు భుజాలు రాలేదు కాబట్టి. భుజాలకు ఏ సస్పెన్షన్ ఆర్డరూ లేదు.

ఆ భయం ఇళ్లకు ఎంత నష్టం చేసిందో చాలామందికి తెలీదు. ఊళ్లో వెలేస్తారని, చెల్లెలి పెళ్లి చెడుతుందని, "సార్, కాగితంలో కోవిడ్ అని రాయకండి" అని బతిమాలుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆసుపత్రి "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని రాసిచ్చింది. అది కారణం కాదు మహానుభావా, చచ్చిపోయే ప్రతివాడికీ గుండె, ఊపిరి ఆగుతాయి. తర్వాత 2021 సెప్టెంబరులో రూ.50,000 పరిహారం మార్గదర్శకాలు వచ్చాయి. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో చనిపోతే ఆసుపత్రి బయట పోయినా కోవిడ్ మరణమే అన్నారు. కాగితం మీద వేరే కారణం ఉంటే జిల్లా కమిటీకి పెట్టుకోవాలన్నారు. ఆర్టీపీసీఆర్ చీటీ పారేసుకున్నవాడు, టెస్టే చేయించుకోకుండా సీటీ స్కాన్ ఒక్కటే తీయించినవాడు ఏం చూపిస్తాడు? 2022 మార్చి 20కి ముందు పోయినవాళ్లకు అదే నెల 24 నుంచి 60 రోజులే గడువు. సిగ్గు పడింది కుటుంబం, సిగ్గుపడాల్సింది వీధి, డబ్బు మాత్రం ప్రభుత్వానికి మిగిలింది.

మార్కెట్లో బండి తోసుకునేవాడి పేరు అడిగి పండ్లు కొన్న రోజులు కూడా ఉన్నాయి, మర్చిపోయినట్టు నటించకండి. తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార సంస్థ వాళ్ల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 2020 ఆగస్టులోనే అంది. కరోనా వాళ్లే అంటించారన్న వీడియోలు ఫార్వర్డ్ చేసిన మన పెద్దమనుషుల్లో ఒక్కరైనా అదే గ్రూపులో "పొరపాటైంది" అని అయిదు అక్షరాలు టైపు చేశారా? గుడ్ మార్నింగ్ పువ్వులకు మాత్రం వేళ్లు బాగా ఆడతాయి. 2021 మేలో ముందస్తు అనుమతి లేని పేషెంట్లను రానివ్వొద్దని తెలంగాణ సర్క్యులర్ ఇచ్చి, సరిహద్దులో గరికపాడు దగ్గర, పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆంధ్రా అంబులెన్సులు ఆగినప్పుడు, లోపల ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ అవుతుంటే, "వాళ్లు" "మనం" అని కామెంట్లు పెట్టింది కూడా ఈ వేళ్లే. తెలంగాణ హైకోర్టు మే 14న ఆ సర్క్యులర్‌ను ఆపేదాకా పేషెంటుకి కూడా రాష్ట్రం ఉండేది.

ఎటో వెళ్లిపోయాను. బోర్డు దగ్గరికొస్తా. కాకపోతే బోర్డు కన్నా ముందు గ్లాసుంది. మీ ఇంటి సింకు కింద, లేకపోతే బాల్కనీ కిటికీ గట్టు మీద బోర్లించి ఉండే ఆ స్టీలు గ్లాసు. అంచు సొట్టపోయి, మిగతా గ్లాసులతో కలవకుండా వేరే కడిగేది. ఇదివరకు ఎవరైనా అడిగితే నసిగేవారు, కాస్త తల దించుకునేవారు. ఇప్పుడు ధైర్యంగా "హైజీన్ అండీ" అంటున్నారు. కరోనా ఇచ్చిన బహుమతి అది. ఊళ్లో రెండు గ్లాసుల పద్ధతిని, అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం ఆర్టికల్ 17 నేరమంది. సిటీ గ్లాసు మీద కులం పేరు ఉండదు, "పనమ్మాయిది" అని ఉంటుంది. లిఫ్ట్ బోర్డు మీదా అంతే, "పనివారు" అని ఉంటుంది. చట్టానికి చిక్కదు, చేతికి చిక్కుతుంది.

బోర్డు తీయించాలనుకునేవాళ్లకు పద్ధతి చెప్తా, ఆవేశంగా వాట్సాప్‌లో అరిస్తే ఊడదు. లిఫ్ట్ కమిటీ సొత్తు కాదు, ఉమ్మడి భాగం, ఫ్లాట్ కొన్న ప్రతివాడికీ అందులో వాటా ఉంది. ముందు ఆ బోర్డుకు ఆధారమైన తీర్మానం కాపీ రాతపూర్వకంగా అడగండి. సగం చోట్ల తీర్మానమే ఉండదు, ఎవరో ప్రింటు తీసి అంటించి ఉంటారు. ఉంటే తేదీ చూడండి, "ప్రభుత్వ ఆదేశాలు అమల్లో ఉన్నంతవరకు" అని ఉంటే అది ఎప్పుడో చచ్చిన తీర్మానం. తర్వాత జనరల్ బాడీ అజెండాలో పెట్టించండి. చేతులెత్తే ఓటు వద్దు, ఎదురు ఫ్లాటువాళ్లకు మొహమాటపడి ఎవరూ ఎత్తరు, చీటీలు వేయించండి. రాజీగా "పనివాళ్లకు టైమింగ్స్ పెడదాం" అంటారు, ఒప్పుకోకండి. అది ఆ బోర్డుకే పిల్ల.

బోర్డు తీసినా పని కాదు, ఇక్కడే అందరూ దెబ్బతింటారు. ఇన్నేళ్ల అలవాటు, పైగా వాచ్‌మన్ ఈల. తలుపు తెరుచుకుని ఎదురుగా లిఫ్ట్ ఖాళీగా ఉన్నా ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెట్లవైపే తిరుగుతుంది. వాచ్‌మన్‌కి, పనివాళ్లకి, డెలివరీ పిల్లలకి కింద గేటు దగ్గర అందరూ ఉన్నప్పుడు సెక్రటరీ నోటితోనే చెప్పించాలి. మొదటి వారం ఎవరో ఒకరు ఆవిడతోపాటు లిఫ్ట్ ఎక్కాలి. ఎక్కాక ఫోన్లో తల దూర్చకుండా, మూలకు ఒదగకుండా, "ఎన్నో అంతస్తమ్మా?" అని అడిగి బటన్ నొక్కాలి.

పొద్దున తొమ్మిదింటికే తీర్మానం కాపీ కావాలని గ్రూపులో అడిగాను. సెక్రటరీ గారు "సర్, అందరి సేఫ్టీ కోసమే" అన్నారు. అందరిలో మెట్లెక్కేవాళ్లు ఉన్నారా అని అడిగాను. నీలం టిక్కులు పడి ఆరు గంటలైంది. మధ్యలో ఎవరో దండం బొమ్మ పెట్టారు, ఇంకెవరో ఈ ఆదివారం కార్తీక వనభోజనాలకు తలకి నాలుగొందలు కట్టమన్నారు.