సవరణ: గాజాపై 2024 జనవరి ఉత్తర్వు

గాజాలో జరుగుతున్నది జాతిహననమేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జనవరిలో తేల్చిందని నెల్లూరు మిత్రుల కోసం పెట్టిన గత పోస్టులో ఉంది. అది సరి కాదు. ఇజ్రాయెల్‌పై దక్షిణాఫ్రికా వేసిన కేసులో జనవరి 26న వచ్చినవి మధ్యంతర ఆదేశాలు. జాతిహనన చర్యలు జరక్కుండా చూడమని, సాయం అందనివ్వమని ఇజ్రాయెల్‌కు చెప్పాయి. అవి తుది తీర్పు కావు. జాతిహననం జరిగిందని తేల్చింది ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి నియమించిన విచారణ సంఘం, 2025 సెప్టెంబరులో. ఇజ్రాయెల్ దాన్ని తోసిపుచ్చింది.

"అయితే తీర్పు దాకా ఆగాలి కదా" అని కావలి నుంచి ఒకరు అడిగారు. ఆగకూడదండీ. జాతిహననంపై దేశాలు చేసుకున్న 1948 ఒప్పందం ఈ నేరాన్ని శిక్షించమనడమే కాదు, ముందే ఆపమంటుంది. తీవ్రమైన ముప్పు ఉందని తెలిసిన క్షణం నుంచే ఆ బాధ్యత మొదలవుతుందని సెర్బియాపై బోస్నియా వేసిన కేసులో 2007లో ఇదే కోర్టు చెప్పింది. బోస్నియాలోని స్రెబ్రెనిత్సా పట్టణంలో సుమారు 8,000 మంది ముస్లిం పురుషుల్ని, మగపిల్లల్ని బోస్నియా సెర్బు సైన్యం చంపింది 1995 జూలైలో. అది జాతిహననమని మరో అంతర్జాతీయ కోర్టు నుంచి మొదటి తీర్పు వచ్చింది 2001లో. అప్పటికి కాపాడడానికి ఎవరున్నారు? ఆ ఒప్పందాన్ని 1959లో ఆమోదించిన మన దేశానికీ ఆ బాధ్యత ఉంది.

గత పోస్టులో పత్రికల గురించి రాసిన భాగం అలాగే ఉంటుంది. మన హైవే మీద లారీ గుద్దితే ఏ లారీ, ఎవరు నడిపారు, ఎవరి మీద కేసు పెట్టారు, అన్నీ రాస్తారు. గాజా దగ్గరికొచ్చేసరికి "దాడుల్లో పలువురి మృతి" అని శీర్షిక పెడితే చంపిందెవరో పాఠకుడికి తెలియదు. రోజూ అలాగే చదివితే చావులు వాతావరణ వార్తల్లా అలవాటైపోతాయి. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

పాత పోస్టులో కోర్టు గురించిన వాక్యం ఒక్కటే మార్చాను.