ఒకటే సామీ!

తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. న్యాయశాస్త్రం, అంటే కోర్టుది కాదు, తర్కం, చెప్పే పండితులకు కొదవ లేదు. నిజం తెలుసుకునే దారులను ప్రమాణాలంటారు. ప్రత్యక్షం (చూడడం), అనుమానం (గుర్తును బట్టి ఊహించడం), ఉపమానం (పోల్చడం), శబ్దం (నమ్మదగినవాడి మాట) అని అవి నాలుగేనని వాళ్ళు పిల్లలకు ఇప్పటికీ నేర్పుతున్నారు. పాపం, ఊరు దాటి రేణిగుంట రోడ్డు దాకా వచ్చినట్టు లేరు. ఐదో ప్రమాణం అక్కడ ఎప్పుడో పుట్టి, పెరిగి, షట్టర్ వేసిన రెండు గదుల కొట్టు కూడా పెట్టుకుంది. దాని పేరు 'ఒకటే సామీ'.

ఈ ప్రమాణం నా అనుభవంలోకి రావడానికి మా బండి కారణం. బండి అంటే స్కిడ్ స్టీర్, ముందు బకెట్ ఉండే చిన్న లోడరు. మా వైపు దాన్ని ఆ పేరుతో పిలిచినవాణ్ణి నేను చూడలేదు. ఏ కంపెనీదైనా కొందరు బాబ్‌క్యాట్ అంటారు, మిగతా జనం 'జేసీబీ పిల్ల' అంటారు. 1957లో అమెరికాలోని మిన్నెసోటాలో కెల్లర్ అన్నదమ్ములిద్దరు ఇలాంటి యంత్రాన్ని మొదట కట్టింది టర్కీ కోళ్ళ షెడ్డులో పెంట ఎత్తడానికట. అది చదివిన రోజు నుంచి, ఈ బండి కొన్న తర్వాత నాకు జరుగుతున్నవాటికి ఒక వంశచరిత్ర దొరికినట్టయింది.

బకెట్ విప్పేసి ఆగర్, అంటే పెద్ద మరలాంటి బర్మా, తగిలిస్తే ఇది గుంతలు తవ్వుతుంది. దామలచెరువు చుట్టుపక్కల మామిడి తోటలకు కంచె వేయాలంటే రాతి కూసాలు పాతాలి, కూసాలకు గుంతలు కావాలి. అదీ మా జీవనం. ఆగర్ నెత్తిన గేర్‌బాక్సు, గేర్‌బాక్సు నెత్తిన ఆయిల్ ఒత్తిడితో తిరిగే హైడ్రాలిక్ మోటారు. మామిడి పిందెల కాలంలో ఆ మోటారు చచ్చిపోయింది. రిటర్న్ ఫిల్టరు మార్చాల్సిన గంటలు ఎన్నడో దాటిపోయాయని, ఆయిల్‌లో ఇనుప పొట్టు తిరుగుతోందని మెకానిక్ ఏదో అన్నాడు. ఆ విషయం ఈ వ్యాసానికి అప్రస్తుతం కాబట్టి వదిలేద్దాం.

పాత మోటారును గోనెసంచిలో చుట్టుకుని కొట్టుకు పోయాను. కౌంటర్ మీద పాత పేపరు పరిచి దాన్ని పడుకోబెట్టారు. మోటారు మీద ఒక చిన్న రేకు ఉంటుంది, దాని మీద జాతకమంతా ఉంటుంది. మాదాని జాతకం మీద ఎవడో పుణ్యాత్ముడు పసుపు పెయింటు కొట్టాడు. రూపాయి బిళ్ళతో గోకితే '25' అని తేలింది. అటుపక్కా ఇటుపక్కా తుప్పు తినేసింది. అంటే 125 కావచ్చు, 250 కావచ్చు. సీసీ. మోటారు ఒక్క చుట్టు తిరగడానికి ఎంత ఆయిల్ మింగుతుందో చెప్పే అంకె అది.

"పాతిక అని ఉండాది కదా సామీ" అంటూ కొట్టాయన లోపలికి పోయి ఒకటి తెచ్చాడు. దాని మీద 125 అని శుభ్రంగా ఉంది. పాతది ఎడమ చేతిలో, కొత్తది కుడి చేతిలో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒకసారి ఎడమ చెయ్యి దిగింది, ఒకసారి కుడి చెయ్యి దిగింది. కొట్టులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కళ్ళు తెరిచి, "ఒకటే సామీ" అన్నాడు.

"బరువు కాదన్నా, సీసీ."

"సీసీ బైకులకు సామీ. ఇది మోటారు."

తర్వాత ఉపమాన ప్రమాణానికి దిగాడు. రెండు మోటార్లను మొహానికి మొహం ఆనించాడు. బోల్టు రంధ్రాలు నాలుగూ నాలుగింటితో కలిశాయి. కలుస్తాయి మరి. ఈ ఆర్బిట్ మోటార్లలో ఒక కుటుంబం తీసుకుంటే 80 సీసీ నుంచి 315 సీసీ దాకా ముందు మొహం మారదు. సీసీ పెరిగేకొద్దీ లోపలి చక్రం మందం పెరుగుతుంది, అందుకని ఒళ్ళు కొన్ని మిల్లీమీటర్లు పొడుగవుతుంది. ఆ ఒక్క తేడానే కంటికి కనపడేది. అది నాకు కనపడింది కూడా. కొత్తది వేలి మందమంత పొట్టిగా ఉందన్నాను.

"కొత్త మోడలు కదా సామీ, చిన్నగా చేసినారు."

ఇక అనుమాన ప్రమాణం నా వంతుకు వచ్చింది. "వెర్నియర్ ఉందా అన్నా? కొలిచి చూద్దాం" అన్నాను. మిల్లీమీటరులో ముక్కలు కూడా కొలిచే దవడల స్కేలు అది.

ఆ మాటకు ఆయన మొహం వెలిగిపోయింది. తల ఎత్తి పైకి చూపించాడు. వేంకటేశ్వరస్వామి పటం, పక్కన పద్మావతీదేవి, చుట్టూ వెలిగి ఆరే సీరియల్ బల్బులు. పటం పాదాల దగ్గర ఎర్ర మఖమల్ పెట్టె తెరిచి ఉంది, అందులో పడుకుని ఉంది వెర్నియర్. రెండు దవడల మీదా కుంకుమ బొట్లు. స్కేలు పొడవునా విభూతి పట్టెలు, అందువల్ల సున్నా ఎక్కడుందో పరమాత్ముడికే తెలియాలి. మెడలో ఎండిన చామంతి. దసరా ఆయుధ పూజకు పెట్టింది.

"మొన్న దసరాకా?"

"కొన్న దసరాకు సామీ."

దించి ఇమ్మన్నాను. శుక్రవారం దేవుడి దగ్గరిది దించకూడదన్నాడు. పోనీ రేపు వస్తానన్నాను. శనివారం ఇనుము ముట్టకూడదన్నాడు. శనివారాలు ఈ కొట్టులో ఇనుప మోటార్లు అమ్ముడుపోతూనే ఉంటాయి కానీ అది వ్యాపారం, ఇది ఆచారం. ఆదివారం కొట్టు లేదు. సోమవారానికి ఏం చెప్పేవాడో తెలుసుకునే భాగ్యం నాకు కలగలేదు, ఎందుకంటే నా వెనక నిలబడి టీ తాగుతున్న ఇంకో బేరగాడు మధ్యలో కలగజేసుకున్నాడు.

"ఆయన చెయ్యే వెర్నియర్ సామీ. నేను ఆర్నెల్లలో మూడు మోటార్లు తీసకపోయినా ఈడ్నుంచి. ఒక్కసారి గూడా కొలవలేదు."

ముగ్గురం కాసేపు ఆ మాటకు గౌరవంగా మౌనం పాటించాం. మూడో మోటారు కొన్న కారణం అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. శబ్ద ప్రమాణాన్ని ప్రశ్నించేవాణ్ణి నాస్తికుడంటారు.

తర్వాత షాఫ్టు, మోటారులోంచి బయటికొచ్చి తిరిగే ఇరుసు. పాతది 32 మిల్లీమీటర్లు. ఆయన ఇచ్చింది ఒకటింపావు అంగుళం, అంటే 31.75. పావు మిల్లీమీటరు తేడా. షాఫ్టును గేర్‌బాక్సుతో కలిపే కప్లింగ్‌లో పెట్టి చూపించాడు, "చూడు సామీ, వెన్నలో చెయ్యి పెట్టినట్టు పోయింది" అన్నాడు. షాఫ్టు వెన్నలోకి పోయినట్టు పోకూడదన్న సంగతి ఈ శాస్త్రంలో లేదు. షాఫ్టు ఒట్టిగా తిరిగిపోకుండా గాడిలో పెట్టే ఇనుప ముక్కను కీ అంటారు. కీ గాడి 10 మిల్లీమీటర్లు, కొత్తదాని కీ ఎనిమిదికి కూడా రాలేదు. ఆ సందులోకి కూల్‌డ్రింకు టిన్ను రేకు కత్తిరించి దోపారు. సైజుల సమస్య ఇంత సులువని తెలియక కంపెనీలు ఇన్నేళ్ళుగా కేటలాగులు అచ్చేస్తున్నాయి. మోటారుకు మూడో గొట్టం ఒకటి ఉంటుంది, సన్నగా. లోపల కారే ఆయిల్‌ను ఒత్తిడి లేకుండా ట్యాంకుకు చేర్చే డ్రెయిన్ గొట్టం. "ఇది వేస్టు సామీ" అని దానికి బిరడా కొట్టేశారు. ఆ బిరడా వల్ల ఒత్తిడంతా షాఫ్టు సీలు మీద పడి అది రెండో రోజే చిరిగింది. ఆ కథ చిన్నది, ఇంతే.

ఇప్పుడు లెక్క. ఐదో తరగతి భాగహారం, అంతకుమించి లేదు. మా బండి పంపు నిమిషానికి 65 లీటర్ల ఆయిల్ ఇస్తుంది. 65ను వెయ్యితో హెచ్చవేసి 250తో భాగిస్తే నిమిషానికి 260 చుట్లు. అదే 125తో భాగిస్తే 520 చుట్లు. "స్పీడు డబులయింది సామీ, ఇంకేం కావాల?" అని ఆయన ఫోన్లో నన్ను అభినందించాడు కూడా. నిజమే, డబులయింది. బలం సగమయింది. 200 బార్ ఒత్తిడి దగ్గర 250 సీసీ మోటారుకు లెక్క ప్రకారం దాదాపు 800 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం వస్తుంది, 125 సీసీకి 400. ఒకే పంపు నుంచి వేగం, బలం రెండూ పెరిగే మోటారు ఇంకా పుట్టలేదు. పుట్టిన రోజున రేణిగుంట రోడ్డులోనే పుడుతుంది, అనుమానం లేదు.

తోటలో దింపాం. ఎర్రమట్టిలో జానెడు లోతు దాకా ఆగర్ కవ్వంలా గిర్రున తిరిగింది. తోట రైతు సంతోషంగా తలపాగా సర్దుకున్నాడు. జానెడు కింద గరుసు తగిలింది. ఆగిపోయింది. ఒత్తిడి మితిమీరితే ఆయిల్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు కీచుమని అరుస్తోంది, ఆయిల్ కాగుతోంది, ఆగర్ మాత్రం బిగుసుకుని నిలబడింది, మొహమాటానికి ఒక వేలెడు కదిలి మళ్ళీ నిలబడింది. రైతు తలపాగా విప్పి భుజాన వేసుకుని, "దీనికన్నా మా కూలోళ్ళు గడ్డపారతో తవ్వేస్తారు గదప్పా" అన్నాడు. ఆయన తవ్వించాడు కూడా. మా బండి పక్కనే. మేం చూస్తుండగా.

ఇదంతా నవ్వుకోవడానికే. డబ్బు పోయింది, పని పోయింది, రైతు ముందు పరువు పోయింది, వీటన్నిటికీ నవ్వొచ్చు. నవ్వలేనిది ఒకటుంది.

ఆ కొట్టులోనే గొట్టాలను మోటారుకు బిగించే మరల ముక్కలు, నిపుల్స్, ఇచ్చారు. మోటారు పోర్టు, అంటే ఆయిల్ పోయే రంధ్రం, అర అంగుళం బీఎస్‌పీ, బ్రిటిష్ మర. ఆయన ఇచ్చిన నిపుల్ అర అంగుళం ఎన్‌పీటీ, అమెరికా మర. "అరంగుళం అరంగుళమే సామీ." రెండింటికీ అంగుళానికి 14 మరలే. అందుకే మొదటి రెండు మూడు చుట్లు చక్కగా ఎక్కుతుంది. కానీ ఒకదాని మర కోణం 55 డిగ్రీలు, రెండోదానిది 60, పైగా అది ముందుకు సన్నబడుతుంది. బిగుసుకుంటుంది. బిగిసింది కదా అనుకుంటాం. తెల్ల టేపు చుట్టి ఇంకాస్త బిగిస్తాం. లోపల మర మరకు ఆనదు.

200 బార్ అంటే కారు టైరులోని గాలి ఒత్తిడికి దాదాపు 100 రెట్లు. తోటలో ఆ నిపుల్ దగ్గర పొగలాంటిది లేచింది. మా హెల్పరు కుర్రవాడు, ఇంకా మీసం సరిగా రానివాడు, "అనా, యాడో కారతాంది" అని అరచెయ్యి చాచుకుంటూ దానివైపు పోయాడు. ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూద్దామని. వాడికి అలా చూడమనే నేర్పారు, ముందు పనిచేసిన ప్రతి చోటా. నేను అరిచిన అరుపుకు వాడే కాదు, పక్క తోటలో కోతులు కూడా ఆగిపోయాయి. జానెడు దూరంలో ఆగింది ఆ చెయ్యి.

సూది మొనంత సందులోంచి ఆ ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. చేతి గ్లౌజు దాన్ని ఆపదు. బయట చీమ కుట్టినంత చుక్క. మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండదు, కుర్రవాడు తుడుచుకుని పని చేసుకుంటాడు. లోపల ఆయిల్ కండల మధ్య పాకిపోతుంటుంది. గంటల్లో ఆపరేషన్ చేసి కోసి కడగాలి. రేపు చూద్దాంలే అనుకుంటే వేళ్ళు తీసేయాల్సి రావచ్చు, ఒక్కోసారి చెయ్యే. కారుతోందేమో చూడాలంటే ఇంజన్ ఆపి ఒత్తిడి దించాలి, లేకపోతే దూరం నుంచి ఒక అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. అట్టముక్క! ఆ మోటారు వచ్చిన డబ్బా అట్టే చాలు. ఆ మాట చెప్పడానికి ఏ కొట్టువాడికి నోరు రాదు. బిల్లు రాసేటప్పుడు వచ్చే నోరు, 'ఒకటే' అనడానికి వచ్చే నోరు, ఈ ఒక్క ముక్కకు రాదు. వెర్నియర్ దించడానికి శుక్రవారం అడ్డొస్తుంది. పిల్లవాడి చెయ్యి పోవడానికి ఏ వారమూ అడ్డు రాదు. రోజుకు ఇన్ని వందల కూలికి వచ్చినవాడి అరచెయ్యి మీ లీకేజీ మీటరా? ఎన్‌పీటీ, బీఎస్‌పీ పక్కపక్కన పెట్టి మర చూసే గేజి చవగ్గా దొరుకుతుంది. అది కూడా కొనండి, దానికీ పూజ చేసుకోండి, కానీ ముందు ఒకసారి వాడండి!

సరే. మళ్ళీ నిదానానికి వద్దాం, ఇది వ్యంగ్య వ్యాసం.

సోమవారం మద్రాసు నుంచి మోటారు తెప్పించుకుందామని నిర్ణయించుకున్నాను. ఫోన్లో అవతలి మనిషి వరసగా అడిగాడు. సీసీ ఎంత, షాఫ్టు ఎంత, కీనా స్ప్లైనా, ఫ్లాంజికి బోల్టులు రెండా నాలుగా, పోర్టు ఏ మర, డ్రెయిన్ ఉందా, బండి నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుంది. ఇన్ని ప్రశ్నలు మా పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అడగలేదు. 125నా 250నా అన్న దగ్గరే నేను నీళ్ళు నమిలాను. "ఆగర్‌తో పాటు పుస్తకం ఇచ్చుంటారే, చూసి చెప్పండి" అన్నాడు.

పుస్తకం. మా కుర్రవాణ్ణి అడిగితే, "ఉండాదినా, సీటు కింద" అన్నాడు. సీటు ఎత్తాం. అడుగున గ్రీసు గన్ను, ఎండిన నిమ్మకాయలు రెండు, వాటి కింద ప్లాస్టిక్ కవరు. కవరు మీద నాలుగు మూలలా పసుపు, నడుమ పెద్ద కుంకుమ బొట్టు. బండి కొన్న ఏడాది దసరాకు మా ఇంట్లోవాళ్ళు పెట్టారు, కొబ్బరికాయ నేనే కొట్టాను. సీలు చింపి తెరిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఇంకా కొత్త పుస్తకం వాసన వేస్తున్నాయి. నాలుగో పేజీలో ఉంది, 250 సీసీ అని.