ముందు ఆ సోఫా జరపండి

నిన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మళ్ళీ మొదలైంది. కింది ఫ్లోర్ వాళ్ళ కుక్కకి పురుగులు పట్టాయట. "దాన్ని ఎక్కడైనా వదిలేసి రండి, ఇల్లు శుభ్రపడుతుంది" అని ఓ పెద్దమనిషి సలహా. దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు. చదువుతుంటే ఒళ్ళు మండింది. అందులో సగం మంట నా మీదే. రెండేళ్ళ క్రితం మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది మరి.

మాది విశాఖలో అద్దె ఫ్లాటు. వీధిలో పుట్టిన నల్ల కుక్కపిల్లని తెచ్చుకుని కర్రి అని పేరు పెట్టుకున్నాం. ఆ ఏడాది అది తెల్లార్లూ గోక్కుంటూనే ఉండేది. మందు షాంపూ, పైన వేపాకు నీళ్ళు. స్నానం చేయించిన రోజు హాయిగా పడుకునేది, మూడో రోజుకి మళ్ళీ మామూలే. మావయ్యగారు కిరసనాయిలు రాయమన్నారు. పక్కింటి పిన్నిగారు నీళ్ళలో రెండు మూతలు ఫినాయిల్ కలపమన్నారు. దండం పెడతాను, ఆ రెండూ చేయకండి. చర్మం కాలుతుంది, నాక్కుంటే కడుపులోకీ పోతుంది. మేం చేయలేదంటే మా గొప్పేం కాదు, ఆ రోజు ఇంట్లో రెండూ లేవు.

అసలు సంగతి సంక్రాంతికి బయటపడింది. కర్రిని కూడా తీసుకుని ఊరెళ్ళి, పది రోజులకి తిరిగొచ్చాం. తాళం తీసి హాల్లో నాలుగడుగులు వేశామో లేదో, మా అబ్బాయి తెల్ల సాక్సుల మీద నల్ల చుక్కలు. చూస్తుండగానే గెంతుతున్నాయి. కర్రి ఇంకా కింద కారులోనే ఉంది! పది రోజులుగా కుక్క లేని ఇంట్లో కుక్క పురుగులు మా కోసం కాచుక్కూచున్నాయి.

మర్నాడు డాక్టరమ్మ అంతా విని, "మందులన్నీ కుక్కకే వాడారా? ఇంటి సంగతేంటి?" అంది.

మా వైపు కుక్క మీద ఏది పాకినా గోమారే అంటాం. కరుచుకుని రక్తం తాగి సెనగగింజలా ఉబ్బేది గోమారి. ఇలా గెంతేది వేరు, ఫ్లీ. (కుక్కల మీద ఎక్కువగా కనిపించేది పిల్లి ఫ్లీ అనే జాతేనట. మెట్ల కింద పడుకునే పిల్లి గుర్తొచ్చింది నాకు.) ఆడది రోజుకి 40 దాకా గుడ్లు పెడుతుంది. వాటికి జిగురుండదు. కుక్క ఒళ్ళు దులుపుకుంటే చాలు, రాలిపోతాయి. పిల్ల పురుగులకి వెలుతురు పడదు. సోఫా కిందకి, గుమ్మం సందుల్లోకి పోయి, పెద్ద పురుగుల నుంచి రాలిన ఎండు నెత్తుటి రెట్ట తిని పెరుగుతాయి. తర్వాత గూడు కట్టుకుంటాయి. ఆ గూడుకి దుమ్ము అంటుకుని కంటికి కనపడదు, మందు కూడా సరిగ్గా దిగదు. నెలల తరబడి అలాగే ఉండి, అడుగుల అదురో ఒంటి వేడో తగిలితే బయటికి దూకుతాయి. మా సాక్సుల కథ అదన్నమాట. 100 ఉంటే కుక్క మీద కనిపించేవి ఓ 5. మిగతా 95 గుడ్లుగా, పిల్లలుగా, గూళ్ళుగా ఇంట్లోనే. మేం నెలల తరబడి కుస్తీ పట్టింది ఆ అయిదింటితో.

నా కోపం ఇక్కడే. మన ఇళ్ళలో శుభ్రం అంటే చుట్టాలకి కనపడే నేల. రోజూ తడిగుడ్డ పెట్టించే నేను, మూడేళ్ళలో ఒక్కసారి సోఫా జరపలేదు. మా పనమ్మాయి మడమలంతా దద్దుర్లే. అడిగితే "దోమలేమో అనుకున్నానమ్మా" అంది. ఆ మాటకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సోఫా జరిపితే బొచ్చు, దుమ్ము, మిరియాల పొడి లాంటి నల్ల నలుసులు. ఆ నలుసులు తడి దూది మీద వేసి చూడండి. ఎర్రగా దిగితే అది మట్టి కాదు, మీ కుక్క నెత్తురు. కర్రి పాత బొంత పారేశాం. కొత్త దుప్పట్లు వారం వారం వేడినీళ్ళలో ఉతికి ఎర్రటి ఎండలో వేశాం. సందులన్నీ వాక్యూమ్‌తో లాగి, ఆ దుమ్ము అప్పటికప్పుడే కవర్లో మూటగట్టి బయట పడేశాం. కర్రికి బరువు చూసి డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర వేశాం. మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చుంటే ఆ సంగతి ముందే చెప్పండి. పిల్లి కూడా ఉంటే, కుక్కకని అమ్మే పెర్మెత్రిన్ మందు దానికి తగలనివ్వకండి, ప్రాణం పోతుంది. రెండు మూడు వారాలు కొత్తవి వస్తూనే ఉంటాయి. మందు పనిచేయట్లేదని చాలామంది మానేసేది అప్పుడే. మేం మూడు నెలలు వదల్లేదు.

గ్రూపులో ఆ పెద్దాయన్ని ఒకటే అడిగాను. కుక్కని వదిలేస్తే ఆ 95 ఎవరి కాళ్ళకి పడతాయండీ? జవాబు లేదు. పొద్దున్న మాత్రం కింద సోఫా ఈడ్చిన చప్పుడు వినిపించింది. సాయంత్రం వాళ్ళబ్బాయి వచ్చి మా వాక్యూమ్ పట్టుకెళ్ళాడు. దుమ్ము సంచి అక్కడే ఖాళీ చేసి తెమ్మని రెండుసార్లు చెప్పి పంపాను.