ఆ ఊయల ఎవరి కంటా పడలేదా?

నిన్న రాత్రి మా బావగారు సినిమా మధ్యలో టీవీ కట్టేశారు. ఇప్పటికీ నాకు కడుపు మండుతూనే ఉంది. 2000లో వచ్చిన బ్రెజిల్ సినిమా ‘ఏవు తూ ఏలెస్’, అంటే ‘నేను, నువ్వు, వాళ్ళు’. నేను ముందే చూసిందే, అక్కతో కూర్చుని మళ్ళీ చూద్దామని పెట్టాను. ఆయన ఫోన్లో కథ రెండు లైన్లు చదివి, "ఒక్కదానికి ముగ్గురు మొగుళ్ళా? పిల్లలున్న ఇంట్లో పెట్టే సినిమానా ఇది?" అని రిమోట్ లాక్కున్నారు. అక్క మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొగుళ్ళని లెక్కపెట్టినవాళ్ళు ఆమె చేసిన పని ఎందుకు లెక్కపెట్టరు? ఈశాన్య బ్రెజిల్‌లో వానలు సరిగ్గా పడని సెర్తావ్ పల్లె అది. దార్లెనీ మండే ఎండలో చెరుకు తోటలో ఒళ్ళు హూనం చేసుకుంటుంటే, కట్టుకున్న ఒసియాస్ ఊయల్లో పడుకుని రేడియో వింటుంటాడు. ఇల్లు తనది కాబట్టి ఆ హక్కు ఉందనుకుంటాడు. ఆమెకి అన్నం వండి పొలానికి మోసుకెళ్ళేది అతని కజిన్ జెజిన్యో. ఆ సీను దగ్గర నాకు గొంతు పూడుకుపోయింది, ఎందుకంటే పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో మా అక్క చేతికి ఎవరైనా కంచం అందించగా నేను చూడలేదు, జ్వరంతో ఉన్నప్పుడు కూడా. మా అత్తయ్యేమో "హీరోయిన్ ఇలా ఉందేంటి" అంది. దార్లెనీగా నటించిన రెజీనా కజే ముఖంలో ఆ అలసట, ఆ ధైర్యం చూశాక కూడా! సియరా రాష్ట్రంలో ఒకామె నిజంగా బతికిన బతుకు నుంచి పుట్టిన కథ ఇది.

అసలు ఈ పరువు మాటలు మా బాబాయి దగ్గర ఏమయ్యాయి? ఆయనకి పక్క ఊళ్ళో రెండో కాపురం ఉందని అందరికీ తెలుసు. సంక్రాంతికి ఆ ఇంటికి వెళ్ళి అరిసెలు తిన్నవాళ్ళలో ఈ బావగారూ ఉన్నారు. పిన్నికి మాత్రం "మగాడు, సర్దుకుపో" అని చెప్పారు. పిన్ని పోయేదాకా సర్దుకుంటూనే ఉంది. ఆమె ఏడుపు నేను విన్నాను, మర్చిపోలేను.

చివర్లో ఒసియాస్, తండ్రులు వేరని తెలిసీ, పిల్లలందరినీ తన పేరు మీదే నమోదు చేయించి వస్తాడు. అది ప్రేమో, ఇల్లు నాది కాబట్టి పిల్లలూ నావాళ్ళే అనడమో నాకు ఇంకా తేలలేదు. అక్కని అదే అడగాలనుకున్నాను. అక్కా, నువ్వు మా ఇంటికి రా. మిగతా సగం చూద్దాం, ఆ రోజు వంట నేను చేస్తాను.