పౌరుషం మాది, రౌడీయిజం పక్కింటిది

కోవూరు చుట్టుపక్కల పల్లెల్లో పడుచు పుంజుల ఆగడాలు శాంతిభద్రతల సమస్యగా మారినా, ఇంతవరకు ఒక్క అఖిలపక్ష సమావేశం కూడా జరగకపోవడం శోచనీయం.

దీని వెనక లెక్క ఉంది. పొదిగించిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే అవుతాయి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. మిగతావన్నీ నిరుద్యోగులే. నాలుగైదు నెలలు నిండేసరికి గొంతు లేస్తుంది. ఆ మొదటి కూత తుప్పు పట్టిన బోరింగు కొట్టినట్టే ఉంటుంది గానీ, దాన్ని విన్న ఇంటాయన మొహంలో వెలుగు కొడుకు ఇంటర్ పాసైన రోజు కూడా కనబడదు.

ఇక అక్కడి నుంచి మొదలు. ఒక రెక్క నేలకు దించి పెట్ట చుట్టూ అడ్డంగా చిందులు. ఎక్కీ ఎక్కీ పెట్టల వీపున ఈకలు ఊడగొట్టడం. బడికెళ్లే పిల్లల పిక్కలు పొడవడం. ఇదంతా మన పుంజు చేస్తే పౌరుషం, జాతి లక్షణం. పక్కింటిది చేస్తే పెంపకం లోపం.

మోసం కూడా దానికి తెలుసు. గింజ దొరికినట్టు కుక్కుక్కుమని పిలుస్తుంది. పెట్ట ఉరుక్కుంటూ వస్తే అక్కడ ఉండేది పుల్లముక్క. ఎన్నికల ఏడాది పొదిగిన బ్యాచ్‌లో ఈ గుణం ఎక్కువని నా అనుమానం. విచారణ వేయాలి.

కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవాలో ఒక వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్ ఎబ్బె వందేళ్ల కిందటే రాశాడు. తెల్లవారుజామున పెద్ద పుంజే ముందు కూస్తుందనీ, మిగతావి హోదా ప్రకారం తర్వాత అందుకుంటాయనీ 2015లో జపాన్ వాళ్లు తేల్చారు. మనూరి సభల్లో మైకు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుందో చూసినవాళ్లకు ఇంత పరిశోధన అక్కర్లేదు.

దారిలో పెట్టడం అంత కష్టమేమీ కాదు. నూకలు ఒకే చోట కుమ్మరించకుండా రెండు మూడు చోట్ల చల్లాలి. అదనపు పుంజుల్ని పెట్టలు కనబడని దొడ్డిలో వేరే ఉంచాలి. మీదికొస్తే తన్నకూడదు, పరిగెత్తకూడదు. తంతే పోటీకి ఒప్పుకున్నట్టు, పరిగెత్తితే ఓడినట్టు దాని లెక్క. కదలకుండా నిలబడి, పుంజే నెమ్మదిగా పక్కకు తప్పుకునేలా చేయాలి. ఇన్ని తెలిసి కూడా మా వీధిలో అందరూ పరిగెత్తేవాళ్లే. సర్పంచి గారైతే చెప్పు వదిలేసి మరీ.

సంక్రాంతి దగ్గర పడితే భీమవరం చుట్టాలు వచ్చి, పుంజు తొడ నొక్కి చూసి, అర్థవంతంగా తలాడిస్తారు. కోళ్లను కొట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం, జూదానికి 1974 చట్టం వేరే ఉంది. అందుకే ఎవర్నడిగినా సరదాకి పెంచుకుంటున్నామంటారు. సరదాకి జీడిపప్పు పెట్టేవాళ్లను నేను ఇక్కడే చూశాను.

మొన్న గోడవతల ఇంటితో మా తగాదా పెద్దమనుషుల దాకా పోయింది.

"ముందు మీ పుంజును గంప కింద పెట్టండి వదినా, ఆ వెంటనే మాది పెడతాం" అన్నాను.

"మీది పెట్టాకే మాది అన్నయ్యా, మొదలుపెట్టింది మీదే గదా" అందామె.

పెద్దమనుషులు చాలాసేపు ఆలోచించి, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందని తేల్చి, టీ తాగి వెళ్లారు.